విశాఖ ఉక్కపోతలో ఇన్సులిన్: నీటి సంచి, జంట కుండలు ఒక వేసవంతా వాడి చూశాక

మా ఇల్లు ఆరిలోవలో కొండవాలున ఉంది. సిమెంటు రేకుల కింద రెండు గదులు, తూర్పున ఒక కిటికీ. మా అమ్మ నాలుగేళ్ళుగా పొద్దున 14 యూనిట్లు, రాత్రి 8 యూనిట్లు 30/70 రకం ఇన్సులిన్ (త్వరగా పనిచేసేది 30 పాళ్ళు, నెమ్మదిగా పనిచేసేది 70 పాళ్ళు కలిసినది) తీసుకుంటోంది. మార్చి నెలలో మా పాత ఫ్రిజ్ కంప్రెసర్ పోయింది. బాగుచేయడానికి మెకానిక్ అడిగిన డబ్బుకు ఇంకొంచెం వేస్తే సెకండ్‌హ్యాండుది వస్తుందనీ, ఆ డబ్బు కూడా జూన్‌లో పిల్లల ఫీజులు కట్టాక గానీ చేతికి రాదనీ లెక్క తేలింది. దాంతో వేసవి నాలుగు నెలలూ ఫ్రిజ్ లేకుండానే ఇన్సులిన్‌ను కాపాడుకోవలసి వచ్చింది. అందుకోసం కొన్నవి రెండు: ఆన్‌లైన్‌లో 1,100 రూపాయలకు వచ్చిన నీటి సంచి, కంచరపాలెంలో రోడ్డు పక్కన 250 రూపాయలకు దొరికిన రెండు మట్టి కుండలు. ఏది ఎంత చల్లబరుస్తుందో మాటల్లో తేలే సంగతి కాదు కనుక, తీగ చివర మొన ఉండి తేమ శాతం కూడా చూపే చిన్న డిజిటల్ థర్మామీటరు 350 పెట్టి కొన్నాను. మూడింటిలోకీ డబ్బుకు తగిన వస్తువు ఏదని అడిగితే ముందు ఆ థర్మామీటరునే చూపిస్తాను.

సంచి చూడడానికి కళ్ళజోడు పెట్టుకునే గుడ్డసంచిలా ఉంటుంది. రెండు పొరల గుడ్డ మధ్య పంచదార పలుకుల్లాంటి గింజలను గళ్ళు గళ్ళుగా కుట్టారు. పది నిమిషాలు నీళ్ళలో ముంచితే ఆ గింజలు నీటిని పీల్చుకుని సగ్గుబియ్యం ఉడికినట్టు ఉబ్బుతాయి, సంచి మెత్తని చిన్న దిండులా తయారవుతుంది. పైతడి తుడిచి, సీసాను లోపలి పొడి అరలో పెట్టి, గాలి తగిలేచోట ఉంచాలి. గుడ్డలోంచి నీరు ఆవిరవుతూ లోపలి వేడిని తీసుకుపోతుంది. ఐసు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు, గడ్డకడుతుందన్న భయం అసలే లేదు. కుట్టు బాగుంది, మూత పట్టీ గట్టిగా అంటుకుంటోంది, నాలుగు నెలల్లో ఒక్క గింజ కూడా బయటికి రాలేదు. వస్తువుగా దానికి వంక పెట్టలేను. అయితే దాన్ని అమ్మేవారు ఎక్కడా చెప్పని విషయం ఒకటుంది, అది విశాఖలో వాడితే గానీ తెలియదు.

నీరు ఆవిరై చల్లబరిచే ఏ వస్తువైనా ఒక హద్దు దాటి కిందికి పోలేదు. థర్మామీటరు గుండుకు తడిగుడ్డ చుట్టి గాలిలో తిప్పితే అది ఎక్కడ ఆగుతుందో అదే ఆ హద్దు, దానినే తడి ఉష్ణోగ్రత అంటారు. గాలి పొడిగా ఉంటే ఆ హద్దు బాగా కిందికి ఉంటుంది. 40 డిగ్రీల ఎండ, 20 శాతం తేమ ఉన్న ఊళ్ళో అది 23 డిగ్రీల దగ్గర ఉంటుంది. మన ఊళ్ళో మే నెలలో 34 డిగ్రీలు, 70 శాతం తేమ మామూలే, అప్పుడు ఆ హద్దు 29 దాటి ఉంటుంది. అంటే మనకంటే ఆరు డిగ్రీలు ఎక్కువ ఎండ కాసే చోట ఇదే సంచి మన దగ్గరకంటే ఆరు డిగ్రీలు ఎక్కువ చల్లగా ఉంటుంది. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరగగానే మనం హమ్మయ్య అనుకుంటాం, సంచి మాత్రం ఆ గాలితో వచ్చే తేమకు చేతులెత్తేస్తుంది.

మే రెండో వారంలో ఒక మధ్యాహ్నం మూడు గంటలకు నేను రాసుకున్న అంకెలివి. రేకుల గదిలో 38 డిగ్రీలు, 55 శాతం తేమ. కిటికీ దగ్గర వేలాడదీసిన సంచిలో 32. ఆరు డిగ్రీలు తగ్గిందంటే తక్కువేమీ కాదు, కానీ సీసా పెట్టె మీద ముద్రించిన అంకెకు (రకాన్ని బట్టి 25 లేదా 30 డిగ్రీలు) అది ఇంకా పైనే ఉంది. రాత్రి పది గంటలకు గదిలో 31 ఉంటే సంచిలో 29. ఉక్కపోసిన రాత్రి రెంటికీ మధ్య ఒక డిగ్రీ తేడా కూడా లేదు.

పొట్లం మీద ఒకసారి తడిపితే 45 గంటలు పనిచేస్తుందని రాసి ఉంది. మా ఇంట్లో మూడు రోజులైనా సంచి ఉబ్బు తగ్గలేదు. అది చూసి అమ్మ చాలా సంతోషించింది, నేనూ మొదట మంచి సరుకే దొరికిందనుకున్నాను. తర్వాత అంకెలు చూసుకుంటే అర్థమైంది: నీరు ఖర్చు కావడం లేదంటే ఆవిరి కావడం లేదు, ఆవిరి కావడం లేదంటే చల్లబడడమూ లేదు. కాబట్టి తీరప్రాంతంలో ఈ సంచి ఎన్నాళ్ళు తడిగా ఉందన్నది మెచ్చుకోవలసిన గుణం కాదు. ఇంకో మాట, దీన్ని పాలిథిన్ కవర్లో గానీ, జిప్పు వేసిన హ్యాండ్‌బ్యాగులో గానీ పెడితే వట్టి తడిగుడ్డతో సమానం. అలా పెట్టి తిరిగేవాళ్ళను నేను ఇద్దరిని చూశాను.

ఇక కుండల సంగతి. పెద్ద కుండలో చిన్న కుండ పెట్టి, మధ్య ఖాళీలో ఇసుక పోసి, ఆ ఇసుకను తడుపుతూ ఉండడమే ఈ ఏర్పాటంతా. 1990ల్లో ఉత్తర నైజీరియాలో మొహమ్మద్ బా అబ్బా అనే ఉపాధ్యాయుడు కూరగాయలు చెడకుండా ఉండేందుకు దీన్ని ఊరూరా పంచి రోలెక్స్ పురస్కారం అందుకున్నారు. గుజరాత్‌లోని వాంకానేర్‌లో మన్‌సుఖ్‌భాయ్ ప్రజాపతి మట్టితోనే ఫ్రిజ్ ఆకారంలో పెట్టె చేసి ‘మిట్టీకూల్’ పేరుతో అమ్ముతున్నారు. రెండూ పొడిగాలి వీచే ప్రాంతాలే కనుక, ఇక్కడ వాటంత చల్లదనం ఆశించకుండానే బేరానికి వెళ్ళాను.

కుండలు అమ్మే తాత నేను అడిగింది విని కాసేపు నావైపే చూశాడు. "ఏటి తల్లీ, మందులకా? ఐతే ఆ రంగేసినవి ముట్టుకోకు. రంగేస్తే కుండకి ఊపిరాడదు" అన్నాడు. కుండ చెమర్చడమే దాని పని, పైన రంగో వార్నీషో పూస్తే ఆ సన్నని రంధ్రాలు మూసుకుపోతాయి. ఇప్పుడు బజారులో పువ్వులు గీసి, కుళాయి బిగించి అమ్మే కుండల్లో చాలావాటికి ఈ పూత ఉంటుంది. ఆయన తీసిచ్చిన పెద్ద కుండ 180, చిన్నది 70. రెంటినీ వేలితో కొట్టి మోత వినిపించి మరీ ఇచ్చాడు.

ఇసుక దగ్గర నేనే తప్పు చేశాను. విశాఖలో ఉండి ఇసుక కొనడమేమిటని బీచ్ నుంచి సంచెడు తెచ్చాను. వారం తిరిగేసరికి పెద్ద కుండ నడుం చుట్టూ తెల్లగా ఉప్పు పొర కట్టింది, గోటితో గీస్తే పిండిలా రాలింది. ఉప్పు ఆ రంధ్రాలను పూడ్చేస్తుంది, పైగా ఉప్పునీరు మంచినీరంత తేలిగ్గా ఆవిరి కాదు. అదంతా పారబోసి, కుండలను రెండు రోజులు మంచినీళ్ళలో నానబెట్టి, వీధి చివర ఇల్లు కడుతున్నవారిని అడిగి నాలుగు తట్టల ఏటి ఇసుక తెచ్చి పోశాను. ముక్కాలి పీట మీద, కిటికీ పక్కన, ఎండ పడని చోట పెట్టి, పైన తడి గోనెగుడ్డ కప్పాను. పొద్దున ఒక గ్లాసు, సాయంత్రం ఒక గ్లాసు నీళ్ళు ఇసుకలో పోస్తే చాలు. సీసా నేరుగా మట్టికి ఆనితే కాగితం నానిపోయి తేదీలు చెరిగిపోతాయి, అందుకని మూత గట్టిగా పట్టే చిన్న స్టీలు డబ్బాలో పెట్టి లోపలి కుండలో ఉంచాము.

సంచిలో 32 చూపిన ఆ మధ్యాహ్నమే కుండలో 30 చూపింది. తెల్లవారుజామున 28. హద్దు రెంటికీ ఒకటే అయినప్పుడు కుండ ఎలా గెలిచిందంటే, దాని బరువే కారణం. తడి ఇసుకతో కలిపి ఆ జంట ఒక మనిషి ఎత్తలేనంత ఉంటుంది. రాత్రి చల్లబడిన ఆ బరువంతా మధ్యాహ్నం గది వేడెక్కినా తొందరగా వేడెక్కదు. సంచి అరచేతి బరువు, గంటలో గది వేడిని పట్టుకుంటుంది. నా పుస్తకంలో నలభై రోజుల అంకెలు ఉన్నాయి. కుండ 31 దాటిన రోజులు మూడే, ఆ మూడు రోజులూ మేము ఊళ్ళో లేక నీళ్ళు పోయనివి.

అయితే 30 డిగ్రీలతో ఇన్సులిన్‌కు సరిపోతుందా? తెరవని సీసాకు 2 నుంచి 8 డిగ్రీలు అనే నియమం. వాడకంలో ఉన్న సీసాను రకాన్ని బట్టి 25 లేదా 30 డిగ్రీలకు మించకుండా, చాలావాటిని నాలుగు వారాల లోపు వాడాలని పెట్టెలోని కాగితం చెబుతుంది. మా అమ్మ వాడే సీసాలో 400 యూనిట్లు, రోజుకు 22 చొప్పున 18 రోజుల్లో అయిపోతుంది. అంటే ఒక సీసా కుండలో ఉండేది 18 రోజులే. కెన్యాలోని దగహలే శరణార్థి శిబిరంలో ఇళ్ళకు ఫ్రిజ్‌లు లేక రోగులు సూది కోసం రోజూ ఆసుపత్రికి నడిచేవారు. మెద్‌సాఁ సాఁ ఫ్రాంతియేర్ (సరిహద్దులు లేని వైద్యులు) అనే సేవాసంస్థ వైద్యులు, జెనీవా విశ్వవిద్యాలయం కలిసి, 25 నుంచి 37 డిగ్రీల మధ్య పగలూ రాత్రీ మారే అక్కడి వేడిలో నాలుగు వారాలు ఉంచిన ఇన్సులిన్ శక్తిని పరీక్షించి, చల్లగా దాచినదానికీ దీనికీ పట్టించుకోవలసిన తేడా లేదని 2021లో ప్రచురించారు. వైద్య పరిశోధనలను కలిపి పరిశీలించే కోక్రేన్ సంస్థ 2023లో తెచ్చిన సమీక్ష కూడా, కొన్ని రకాల హ్యూమన్ ఇన్సులిన్ (మనిషి ఒంట్లో తయారయ్యేదాని లాంటి పాత రకం) తెరవని సీసాలు 25 డిగ్రీల వరకు ఆరు నెలలు, 37 డిగ్రీల వరకు రెండు నెలలు శక్తి కోల్పోకుండా ఉంటాయని చెప్పింది. ఇది అన్ని ఇన్సులిన్‌లకూ వర్తించే మాట కాదు, పెన్ను ఆకారపు సూదుల్లో వచ్చే కొత్త రకాలకు అసలే కాదు. మా డాక్టరు గారికి నా అంకెల పుస్తకం చూపించి, ఆయన సరేనన్నాకే ఈ పద్ధతి కొనసాగించాము. ఇంట్లో షుగరు రీడింగులు వారానికి రెండు రోజులకు బదులు నాలుగు రోజులు చూశాము, వేసవంతా వాటిలో చెప్పుకోదగిన మార్పు రాలేదు.

తెరవని సీసాలను మాత్రం కుండలో పెట్టలేదు. పక్కింటి పిన్ని గారి ఫ్రిజ్‌లో, గుడ్ల అర పక్కన ఒక టిఫిన్ డబ్బాలో ఉంచుకుని, 18 రోజులకొకటి తెచ్చుకున్నాము. ఆవిడ మొదటి రోజు డబ్బాను ఫ్రీజర్‌లో పెట్టబోతుంటే పరుగెత్తి ఆపాను. "చల్లగా ఉండాలన్నావు కదే, అందుకే" అన్నారు పాపం. వేడి ఇన్సులిన్‌ను మెల్లగా దెబ్బతీస్తుంది, గడ్డకట్టడం మాత్రం ఒక్క పూటలోనే పనికిరాకుండా చేస్తుంది. ఇది నాకు పోయినేడాదే తెలిసివచ్చింది. ఒక మందుల దుకాణంలో సీసాను నేరుగా ఐసుముక్కల మధ్య పెట్టి పాలిథిన్ కవర్ కట్టి ఇచ్చారు. ఆటో, ఇంకో ఆటో మారి ఇల్లు చేరేసరికి సీసా అడుగు గడ్డకట్టింది. కరిగాక అరచేతుల మధ్య దొర్లిస్తే పాలలా కలవవలసిన మందు కలవలేదు, గాజు గోడకు లోపలి నుంచి తెల్లని పలుకులు అంటుకుని ఉన్నాయి, విరిగిన పాలు అడుగంటిన గిన్నెలా. దాన్నే రెండు పూటలు వాడాము, మూడో పూటకు షుగరు 310 వచ్చింది. కొత్త సీసా కొన్నాము, పాతది పారేశాము. అప్పటినుంచి ఐసు ఇవ్వబోతే వద్దని, చల్లని సీసాకు కాగితం చుట్టించుకుని తెచ్చుకుంటున్నాను.

సంచికి నేను మంచి మార్కులు వేసింది ఏప్రిల్‌లో అరకు వెళ్ళినప్పుడు. కిరండూల్ పాసింజరులో కిటికీ పక్కన కొక్కేనికి సంచి తగిలించాము. కొత్తవలస దాటేవరకు లోపల 30 చూపింది. ఘాట్ ఎక్కి సొరంగాలు మొదలయ్యాక పైగాలి పొడిగా, వేగంగా తగలడంతో అంకె ఒక్కొక్కటే దిగుతూ అరకు స్టేషన్‌కు 25కు వచ్చింది. మర్నాడు మధ్యాహ్నం బయట 32 డిగ్రీలు, 35 శాతం తేమ ఉంటే సంచిలో 24. అదే సంచి, అవే గింజలు. అక్కడ రెండో రోజు సాయంత్రానికే ఆరిపోయి మళ్ళీ తడపవలసి వచ్చింది, అంటే 45 గంటలని రాసిన మాట పొడిగాలికి సరిగ్గానే సరిపోయింది. కుండను రైలెక్కించలేము కదా. మన్యంలో పనిచేసే టీచర్లకు, బస్సుల్లో తిరిగేవాళ్ళకు, తిరుపతి లాంటి దూరాలకు వెళ్ళే షుగరు రోగులకు ఈ సంచి నిక్షేపంగా కొనవచ్చు.

కుండలో పెట్టకూడనివి కూడా చెప్పాలి. లోపల చల్లదనంతో పాటు చెమ్మ కూడా నిండుగా ఉంటుంది. మా అమ్మ షుగరు చూసే స్ట్రిప్పుల డబ్బాను కూడా అందులో పెట్టబోయింది. స్ట్రిప్పులకు చెమ్మ తగిలితే రీడింగు తప్పుతుంది, ఆ తప్పు రీడింగు చూసి మందు మోతాదు మార్చితే ప్రమాదం. మాత్రలూ అంతే. ఆస్పిరిన్ మాత్ర చెమ్మకు విరిగి వెనిగర్ వాసన కొడుతుంది. మాత్రలన్నీ రేకు పొరల్లోనే ఉంచి, మూత బిగిసే డబ్బాలో వేసి, గదిలో నేలకు దగ్గరగా గోడవారన పెట్టాము. రేకుల ఇంట్లో పైఅరకూ నేలకూ మధ్య నాలుగు డిగ్రీల తేడా ఉందని థర్మామీటరు చెప్పింది. మందులను అలమారా పైఅరలో పెట్టడం మనందరికీ అలవాటు కదా, ఇలాంటి ఇళ్ళలో అన్నిటికంటే వేడిగా ఉండేది ఆ అరే.

రెంటికీ లోపాలున్నాయి. సంచి మూడో నెల నుంచి ముక్కిన వాసన వేసింది. సబ్బు పెట్టి ఉతకకూడదట, మంచినీళ్ళలో నాలుగుసార్లు జాడించి నీడలో ఆరబెట్టాను, పూర్తిగా ఆరడానికి తొమ్మిది రోజులు పట్టింది. లోపలి అర రెండు పెన్నులకు సరిపోతుంది కానీ పది మిల్లీలీటర్ల సీసా, సిరంజి కలిపి పెడితే పట్టీ మూతపడదు. కుండల కింద ఎప్పుడూ తడి, ఆ తడికి చీమలు, ఒకసారి జెర్రి కూడా. పీట కాళ్ళ కింద నీళ్ళు పోసిన చిప్పలు పెట్టాక చీమల బాధ తగ్గింది. నీళ్ళ ట్యాంకరు రాని రోజున ఆ రెండు గ్లాసుల నీళ్ళు కూడా బరువే అనిపించాయి. పిల్లలున్న ఇంట్లో కుండను ఎవరూ తన్నకుండా చూసుకోవడం ఒక పెద్ద పని.

కరెంటు మాట కూడా ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకినప్పుడు మా వీధికి కరెంటు రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. అప్పట్లో ఇన్సులిన్ మా నాయనమ్మకు. ఫ్రిజ్ ఉండి కూడా అది వట్టి బీరువా అయింది. నాయనమ్మ సీసాను ప్లాస్టిక్ కవర్లో ముడివేసి, తాగే నీళ్ళ కుండలో తాడుకు వేలాడదీసింది. అది ఎంత చల్లగా ఉందో కొలిచే సాధనం అప్పుడు మా దగ్గర లేదు. ఇప్పుడు అదే పని చేసి చూస్తే నీళ్ళ కుండలో 29 చూపింది, అంటే ఇసుక పోసిన జంటతో దాదాపు సమానం. కాకపోతే కవరు ముడి సడలితే మందు నీళ్ళపాలు అవుతుంది.

ఇంటి వాడకానికి, అదీ సముద్రానికి పది కిలోమీటర్ల లోపు ఉన్న ఇంటికి, సంచికి అయిదులో రెండు, కుండలకు అయిదులో నాలుగు ఇస్తాను. ప్రయాణానికి సంచికి నాలుగున్నర. అమ్మేవారు పొట్లం మీద గంటల లెక్కతో పాటు, తేమ ఎంత ఉంటే ఎన్ని డిగ్రీలు తగ్గుతుందో ఒక చిన్న పట్టిక వేసి ఉంటే నేను దాన్ని ఇంటి కోసం కొనేదాన్ని కాదు, అరకు వెళ్ళేముందు కొనేదాన్ని. జులైలో సెకండ్‌హ్యాండు ఫ్రిజ్ వచ్చింది. కొత్త సీసాలు పిన్ని గారి ఇంటి నుంచి మా ఇంటికి మారాయి. వాడకంలో ఉన్న సీసాను మాత్రం అమ్మ కుండలోనే ఉంచమంది, ఫ్రిజ్‌లోంచి తీసిన మందు సూదితో ఒంట్లోకి ఎక్కేటప్పుడు మండుతుందట. సంచి ఇప్పుడు మేకుకు వేలాడుతోంది, లోపలి గింజలు మళ్ళీ పంచదార పలుకులంత అయిపోయాయి.